యాభై నాలుగేళ్ల యువజన ప్రతినిధి

శేషగిరి ఇంగ్లండ్‌లో, లండన్ దగ్గర స్లౌలో పదహారేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. మీటింగన్న మాట వింటేనే ఒళ్లు మండే దశకొచ్చాక, 2014లో దానికో దండం పెట్టేసి, షెఫీల్డ్‌కు గంట దూరంలో థార్న్‌వెల్ అనే పల్లెలో ఇల్లు కొన్నాడు. నూటపది గడపలు, ఒక చర్చి, ఒక పబ్, రోజుకో బస్సు. మనుషుల అలికిడి కంటే పావురాల అలికిడే ఎక్కువ. ఇక ఏ కమిటీలోనూ తనను వేసేవాళ్లు లేరని సంబరపడ్డాడు.

రెండోవారం మార్జరీ అనే ఎనభై ఏళ్ల ఆవిడ జామ్ సీసాతో వచ్చింది. ఆవిడ పారిష్ కౌన్సిల్ మెంబరు. మన పంచాయతీ లాంటిదే అది. వాన గురించి పావుగంట మాట్లాడి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"మీకు నిచ్చెన ఎక్కడం అలవాటుందా?"

"ఉందండీ," అన్నాడు మొహమాటానికి.

వారం తిరక్కుండా విలేజ్ హాల్లో బల్బులు మార్చాడు. చర్చి చూరు తూముల్లో కుళ్లిన ఆకులు తీశాడు. నెల తిరక్కుండా కౌన్సిల్ అతన్ని యువజన ప్రతినిధిగా ఏకగ్రీవంగా ఎన్నుకుంది. యువకుడొకడు సభ్యుడిగా ఉండాలని పైనుంచి కాగితం వచ్చిందట. ఊళ్లో ఆఖరి యువకుడు 2009లో చదువుకోడానికి వెళ్లి మళ్లీ కనిపించలేదు.

"నాకు యాభై నాలుగండీ. మోకాళ్ల నొప్పులు కూడానూ," అని మొరపెట్టుకున్నాడు శేషగిరి.

"రెండు మోకాళ్లూ మీవేనా?" అనడిగాడు చైర్మన్ డెరెక్.

"నావే."

"అయితే మీరు కుర్రాళ్లే."

ఇంటికొచ్చి చెబితే భార్య నిర్మలాదేవి పడీపడీ నవ్వింది. "ఏవండోయ్ కుర్రాడుగారూ, మోకాళ్లకి నూనె రాయమంటారా?"

కౌన్సిల్ అప్పుడు బస్ షెల్టర్ కడుతోంది. రాతిదా, చెక్కదా అని పదకొండు నెలలు చర్చించారు. బెంచీ రోడ్డువైపుండాలా, పొలాలవైపుండాలా అని మరో నాలుగు నెలలు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. థార్న్‌వెల్‌లో వాన రాకడ అందరికీ తెలుసు, తెలియనిదల్లా బస్సు రాకడే. ఆ మాటే శేషగిరి ఒకసారి అడిగాడు.

"ఈ బస్సు అసలు ఉంటుందో ఉండదో కనుక్కున్నారా?"

అది అజెండాలో లేదన్నాడు డెరెక్.

2016 వసంతంలో రిబ్బన్ కత్తిరించారు. ఆ వారమే బస్సు రద్దయిందని ఉత్తరం వచ్చింది. "ఒకందుకు మేలే," అన్నాడు డెరెక్. "షెల్టర్ మాసిపోదు."

ఆ తర్వాతి మంగళవారం శేషగిరి కారులో పోతుంటే, షెల్టర్లో మార్జరీ ఒక్కత్తే హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది.

"బస్సు రాదుగా, మార్జరీ?"

"తెలుసు. క్లినిక్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని."

"ఎప్పట్నించి కూర్చున్నారు?"

"ఎంతోసేపు కాలేదు. ఎనిమిదింటి నుంచి."

అప్పుడు పదకొండు కావస్తోంది. చలికి ఆవిడ వేళ్లు నీలంగా కమిలిపోయాయి. శేషగిరి కారు దిగాడు. తలుపు తీసి, చెయ్యి పట్టుకుని ఎక్కించుకున్నాడు. పైవారం షెల్టర్లో ముగ్గురు కూర్చున్నారు. ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు. మూడు హ్యాండ్‌బ్యాగులూ మాత్రం రోడ్డుకేసి చూస్తున్నాయి.

మరుసటేడు కౌన్సిల్ ఒక పాత మినీబస్సు సంపాదించింది. డెబ్భై దాటినవాళ్లు నడిపితే ఇన్సూరెన్స్ ఒప్పుకోదు. ఈసారి ఎన్నిక కూడా జరపలేదు, తాళాలు తెచ్చి శేషగిరి చేతిలో పెట్టారు.

2019లోనూ మంగళ, శుక్రవారాలు ఆ బండి అతనే నడిపాడు. డెరెక్ వెనకసీట్లోంచి ప్రతి మలుపుకీ బ్రేకు వెయ్యమంటాడు. మార్జరీ పిప్పరమెంట్లు పంచుతుంది. క్లినిక్ ముందు ఒక్కొక్కర్నీ దించి, మందులతో తిరిగొచ్చేదాకా శేషగిరి ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చుంటాడు. ఎవరైనా పది నిమిషాలు ఆలస్యమైతే, విసుక్కుంటూనే లోపలికెళ్లి చూసొస్తాడు.