మా దక్షిణం గోడ మీది చైనా పెద్దాయన

ఈ పొద్దున ట్రైన్‌లో ఎదురు సీటావిడ కమలాపండు ఒలిచింది... పెట్టెంతా ఆ వాసనే. మన్‌హాటన్ చేరేదాకా చేతిలో పుస్తకం పేజీ తిప్పలేకపోయాను.

మా చిన్నప్పుడు, ఇప్పటికీ నేనుంటున్న ఈ జెర్సీ సిటీలోనే, మా ఎదురు ఫ్లాట్‌లో లిమ్ ఆంటీ ఉండేది. మలేసియాలోని పెనాంగ్‌లో పుట్టిన చైనా ఆవిడ. పిల్లల్లేరు. అమ్మానాన్నలు ఆఫీస్‌ల నుంచి వచ్చేదాకా నేను ఆవిడ దగ్గరే. నన్‌ల స్కూల్లో నోరు విప్పని పిల్లని... ఆ ఇంట్లో మాత్రం రోజూ ఒక పాఠం అప్పజెప్పాలి.

గోడ మీద వాళ్ళ తాతగారి ఫొటో. దాని ముందు అగరొత్తి, ఒక కమలాపండు. ఆయన జీవితమంతా చెబితేనే ఆ పండు నా చేతికొచ్చేది.

చైనా నుంచి ఒంటరిగా పడవలో పెనాంగ్ వచ్చారు... ఎవరి కొట్టో ఊడ్చారు... బియ్యం వ్యాపారం చేశారు, బ్యాంక్ పెట్టారు, ఆస్పత్రి కట్టించారు. తొందరలో నేను బ్యాంక్ ముందు చెప్పేస్తే ఆంటీ కళ్ళజోడు మీదుగా చూసేది.

"ఫస్ట్ రైస్. నో రైస్, నో బ్యాంక్. ఎగైన్."

రేవులో దిక్కులేక చనిపోయిన కూలీలకి ఆయన శవపేటికలు చేయించి ఇచ్చేవారట. ఆ కూలీల్లో మన తెలుగువాళ్ళూ ఉండేవారట. చైనావాళ్ళ ఆచారం ప్రకారం తన పేటిక కూడా ముందే చేయించి వెనక వసారాలో ఉంచుకున్నారు... అలా ఉంటే ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం వచ్చింది. బ్యాంక్ మూతపడింది. పేటికలకి చెక్క దొరకలేదు. ఒక రేవు కూలీ చనిపోతే తన పేటిక ఇచ్చేశారు. కొన్నాళ్ళకే ఆయనా పోయారు. చాపలో చుట్టి పూడ్చారు.

చాప దగ్గరికి రాగానే ఆంటీ చెయ్యెత్తి నన్ను ఆపేది. చిన్నపిల్లగా అది కళ్ళారా చూసింది మరి...

"నా తర్వాత ఈయనెవరో చెప్పడానికి నువ్వొక్కదానివే," అనేది.

నేను ఐదో తరగతిలో ఉండగా ఆంటీ బాత్రూమ్‌లో పడింది. ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. బిల్డింగ్ పనులు చూసే మనిషి ఆ ఫ్లాట్ ఖాళీ చేస్తూ తాతగారి ఫొటోని చెత్తబండిలో వేశాడు. నేను బండి అంచు పట్టుకుని నిలబడ్డాను.

"యువర్ ఫ్యామిలీ?" అని అడిగాడు.

ఆయన నాకేమవుతారో చెప్పడం చేతకాలేదు. అందుకని మొదటి నుంచీ అప్పజెప్పాను... పడవ, కొట్టు, బియ్యం, తర్వాతే బ్యాంక్. ఆపేవాళ్ళు లేరు కనుక చాప సంగతి కూడా చెప్పాను. అతను చేతులు తుడుచుకుని ఫొటో తీసి ఇచ్చాడు.

"ఎవరో పోయినాయన ఫొటో మనింట్లో ఏంటే?" అంది అమ్మ. నాన్న దక్షిణం గోడకి, మా తాతయ్య పక్కన, ఇంకో మేకు కొట్టారు. పోయిన పెద్దల ఫొటోలు మా ఇంట్లో ఆ గోడకే. ఇంటికొచ్చిన ఆంటీలు ఎవరని అడిగితే, అమ్మ ఇప్పటికీ "మా అమ్మాయి తరఫు" అంటుంది.

ఇప్పుడు నేనుండే అంతస్తులో ఒక్కరి పేరూ నాకు తెలియదు... అన్ని తలుపులూ మూసే ఉంటాయి. మీకేమీ కాని పెద్దవాళ్ళ ఫొటో మీ గోడ మీద ఉంటే, ఆ మనిషి గురించి రెండు మాటలు ఇక్కడ రాయండి. చదువుతాను.

లిమ్ ఆంటీ ఫొటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు.