కొమ్ము పోయిన తిరుగుబాటు

మొన్న పెద్దపల్లి నుంచి బస్సులో వస్తూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక పాడ్‌కాస్ట్ వింటున్నాను. చరిత్రలో జరిగిన తిరుగుబాట్ల గురించి. ముందు డప్పు మోగింది, ఆ వెంటనే ఒక కుర్రగొంతు "తిరుగుబాటు" అంటూ చివరి అక్షరాన్ని గట్టిగా నొక్కి పలికింది. నాకు నవ్వాగలేదు. పక్క సీటాయన తన సంచీని కొంచెం అవతలికి జరుపుకున్నాడు. ఆ మాటకున్న కొమ్మును ఒకప్పుడు పోగొట్టిన ఘనుణ్ణి నేనేనని ఆయనకెలా చెప్పేది?

తెలంగాణ రాకముందు సంగతి. నాన్న పోయాక గోదావరిఖని బొగ్గుగనిలో ఆయన ఉద్యోగం నాకిచ్చారు. గనిలోకి దిగేంత ఛాతీ లేదని డాక్టరు, చేతిరాత బాగుందని పెద్ద గుమాస్తా తేల్చడంతో బల్ల దగ్గర కూర్చున్నాను. రాత బాగుందన్నారే గాని, రాసేది బాగుందని ఎవరూ అనలేదు. నా బల్లకు ఎదురుగా ల్యాంపు రూం. కిందికి దిగేవాళ్లు తమ నంబరు బిళ్ళ అక్కడ ఇచ్చి టోపీ దీపం తీసుకుంటారు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. బిళ్ళ ఇంకా మేకుకే వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ఆ మేకుల మీద పెత్తనమంతా రాజక్కది.

రాజక్క కూడా నాలాగే ఇంటి మనిషి పోయాక, భర్త ఉద్యోగంలోకి వచ్చింది. చదివింది ఏడో తరగతి. లైబ్రరీ నుంచి చరిత్ర పుస్తకాలు తెచ్చుకుని, చదివినదాన్ని తన మాటల్లో టేపురికార్డరుకు చెప్పేది. తరువాతి షిఫ్టు వాళ్లు వరుసలో నిలబడితే అది వినిపించేది. వెట్టికి పోనన్న ఊళ్లు, నీలిమందు పండించనన్న రైతులు. ఇప్పుడు దాన్ని పాడ్‌కాస్ట్ అంటారు. టేపు మాటిమాటికీ చుట్టుకుపోయేది కాబట్టి మావాళ్లు "పాడు క్యాసెట్టు" అనేవారు. కథ చివర ఎంతమంది క్షేమంగా ఇల్లు చేరారో ఆమె తప్పకుండా చెప్పేది. పుస్తకంలో ఆ సంగతి లేకపోతే, "గది రాయలే. ఎవలకన్న ఎరికైతే చెప్పుండ్రి" అనేది.

ఒకరోజు కొత్త క్యాసెట్టు నా బల్ల మీద పెట్టింది. "నీ రాత ముత్యాలోలె ఉంటది తమ్మీ. తిరుగుబాటు కథలు అని రాయి." ఎర్ర ఇంకుతో, ముచ్చటపడి మరీ రాశాను: తిరుగుబాట కథలు.

వరుసలో ముందున్న పోశన్న అది చదివాడు. "ఏంది గుమాస్తా, కొమ్ము ఏడ వెట్టినవ్? నీ నెత్తి మీద మొలిచిందా?" అన్నాడు. వరుసంతా నవ్వింది. దిద్దుతానంటే రాజక్క క్యాసెట్టు లాక్కుంది. "ఉండనీ తియ్. తిరిగొచ్చే తొవ్వ సంగతే గద నేను జెప్పేది."

సమ్మె మాట గని చుట్టూ తిరుగుతున్న రోజుల్లో ఆమె మీద పేరు లేని ఉత్తరం ఒకటి వచ్చింది. డ్యూటీ వదిలేసి టేపులు పెట్టి కార్మికులను సమ్మెకు ఎగదోస్తోందట. రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి, నేరం రుజువైతే ఉద్యోగమే పోతుంది. కొత్తగా వచ్చిన ఆఫీసరు మా ఇద్దరినీ పిలిచాడు. టైపు చేసిన కాగితం నా ముందుకు తోశాడు. సమ్మె చెయ్యమని ఆమె చెబుతుండగా నేను విన్నానని అందులో ఉంది. "సాక్షి సంతకం పెట్టు" అన్నాడు. నేను విన్నది లేదు. కాని నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు.

ల్యాంపు రూం నుంచి తెప్పించిన క్యాసెట్టును ఆయన చేతిలోకి తీసుకుని పేరు చదివాడు. "తిరుగు బాట... గనిలోంచి బయటికొచ్చే దారా? ఇదేమన్నా సేఫ్టీ పాఠమా?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక్క అక్షరదోషం ఆమె మీది దోషాన్నంతా కడిగేసేలా ఉంది. అవును సార్ అనడానికి నోరు తెరిచాను.

"కాదు సార్" అంది రాజక్క. "తిరుగుబాటే. మా తమ్మికి కొమ్ములు తక్కువ."

ఆమె అంత మాట అన్నాక నా చేతిలోని పెన్ను బరువెక్కింది. "సార్, సమ్మె మాట నేను వినలేదు. సంతకం పెట్టను" అన్నాను. ఆ గొంతు నాకే పొరుగింటివాడి గొంతులా వినిపించింది. "టేపుంది గద సార్, ఒకసారి వినుండ్రి" అని కూడా అనేశాను.

టేపురికార్డరు బల్ల మీదే ఉంది. ఆయన మీట నొక్కాడు. వెట్టికి పోనన్న ఊరి కథ. దొర మనుషులు వచ్చారు, ఊరంతా వాకిళ్లలో నిలబడింది. "ఒక్కలు గూడ కదల్లే. గప్పుడు దొర..." అంటుండగానే రాజక్క గొంతు మారింది. "ఏయ్ పోశన్నా, బిళ్ళ ఇయ్యకుంట దీపం గుంజుకపోతవా? నీ అత్తగారిల్లా ఇది? ఎనకకు రా." పోశన్న గొణుగుడు. బిళ్ళ మేకుకు తగిలిన టక్ చప్పుడు. "ఆఁ, ఏడున్నం? దొర."

ఆఫీసరు టేపు వెనక్కి తిప్పి ఆ ముక్క మళ్లీ విన్నాడు. మొహం గంభీరంగా పెట్టుకోవడానికి ఆయన పడుతున్న కష్టం కనిపిస్తూనే ఉంది. "తిరుగుబాటు మధ్యలో ఆపి బిళ్ళ అడిగావా?"

"దొర ఏడికి వోతడు సార్, ఆగుతడు. బిళ్ళ లేకుంట మనిషి కిందికి వోతే ఎట్ల?"

ఆయన టేపు చివరిదాకా విన్నాడు. కాగితం మడిచి సొరుగులో పడేసి, పొమ్మని చెయ్యూపాడు.

బయటికి రాగానే మెట్టు మీద కూలబడ్డాను. రాజక్క క్యాంటీను నుంచి రెండు చాయ్‌లు తెచ్చింది. "అక్కా, నేను సంతకం వెడితే ఏమనేదానివి?" అని అడిగాను.

"ఏమంట? నీకు నౌకరి కొత్త. ఏమనేదాన్ని గాదు." చాయ్ ఊదుకుంది. "భయమైందా?"

"మస్తయింది."

"గా కథలల్లోళ్లకు గూడ అయింది తమ్మీ. మనం భయపడుకుంట సరే అంటం, వాళ్లు భయపడుకుంట కాదన్నరు. గంతే. చాయ్ సల్లారుతది, తాగు."

నాలుగు నెలల తరువాత, పూలదండతో, మచ్చలేని రికార్డుతో ఆమె ఇంటికి వెళ్లింది. ఆ సాయంత్రం నేను తిన్నంత మిఠాయి ఇంకెవరూ తినలేదు.

ఇప్పుడు నా సంతకానికీ కాస్త విలువొచ్చింది. ఎవరి మీదనైనా ఫిర్యాదు కాగితం వస్తే ఆ మనిషిని పిలిపించి, గట్టిగా చదివి వినిపిస్తాను. ఇది నిజమేనా అని అడుగుతాను. చాలామంది తల వంచుకుని "సరే సార్" అంటారు. అప్పుడు, కాదంటారేమోనని రెండోసారి చదువుతాను, ఇంకాస్త నెమ్మదిగా.