మేనకోడలి గుర్రాలకు నేను వేసిన రంగు

మెదక్‌లో మా వాడకట్టులో ఒక మాట తిరుగుతోంది. నేను బొమ్మలకు పూసిన రేడియం రంగు వల్ల మా అక్క బిడ్డ కళ్ళు పాడైపోయాయని. ఆ మాట నిజం కాదు. కాని అది అబద్ధమని చెప్పి ఊరుకుంటే నేను ఏ తప్పూ చేయలేదని అర్థం వస్తుంది. అదీ నిజం కాదు. ఈ రెండూ కలిపి చెప్పాలంటే నోటితో అయ్యే పని కాదు, టీ హోటల్ దగ్గర ఎవరూ అంతసేపు నిలబడి వినరు. అందుకే రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. పొద్దు గూకే వేళకు గడపలు తగిలి పడే పిల్లలు ఇంకా ఎవరింట్లోనైనా ఉండవచ్చు. ఆ ఇంట్లో నాలాగా నాలుగు పుస్తకాలు చదివిన మనిషి కూడా ఉండవచ్చు.

నాది బస్టాండు దగ్గర రేడియం దుకాణం. బండ్లకు నంబరు ప్లేట్లు, ఆటోల వెనక అద్దం మీద పిల్లల పేర్లు, ట్రాక్టర్ ట్రాలీలకు ఎర్ర పట్టీలు, ఇవీ నా పనులు. పాపన్నపేట వైపు కొత్త ట్రాక్టర్ కొన్నవాళ్ళు పూజ చేయించుకొని నేరుగా నా దగ్గరికే వస్తారు. అందరూ రేడియం అంటారు గాని అది రేడియం కాదు. మీద పడిన వెలుగును తిరిగి వెనక్కి పంపే స్టిక్కరు, అంతే. ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళలో ఆ సంగతి నాకొక్కడికే తెలుసని నాకు గొప్పగా ఉండేది. పదో తరగతితో నా చదువు ఆగింది. మిగతాదంతా గ్రంథాలయంలో చదువుకున్నాను. మధ్యాహ్నం ఎండకు గిరాకీ ఉండదు. షట్టరు సగం దించి పోయేవాడిని. పేపర్లు చదివేవాళ్ళు ముందు గదిలో కూర్చునేవాళ్ళు, నేను వెనక బీరువాల దగ్గర కింద కూర్చునేవాడిని. సైన్సు, వైద్యం, చరిత్ర, ఏది చేతికి వస్తే అది. నచ్చిన సంగతులు నోటుబుక్కులో రాసుకొనేవాడిని. అట్లా పదిహేడు నోటుబుక్కులు నిండాయి. చుట్టాల్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు నాకు ఫోన్ చేసేవాళ్ళు. ఒప్పుకుంటాను, ఆ ఫోన్లంటే నాకు ఇష్టం.

అక్క ఇల్లు చర్చి వెనక వీధిలో. ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు చెబుతుంది. బావ లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఆయన మాకు బయటివాడు కాదు, మా మేనమామ కొడుకే. వాళ్ళకు ఒక్కతే బిడ్డ.

బిడ్డకు ఏడో ఏడు నడుస్తున్నప్పుడు బావ బొంబాయి పాత సామాన్ల బజారు నుంచి ఒక ప్లాస్టిక్ గుర్రాన్ని తెచ్చాడు. అరచేతిలో ఇమిడేంత. గులాబి రంగు ఒళ్ళు, మెడ మీద తెల్లటి నైలాన్ జుట్టు, తుంటి మీద మూడు సీతాకోకచిలుకలు. ఆ రకం గుర్రాలను వేరే దేశాల్లో పెద్దవాళ్ళు కూడా పోగుచేస్తారని, పాత జుట్టు పీకి కొత్తది కుడతారని, రంగులు మారుస్తారని తరువాత ఫోన్‌లో చూసి తెలుసుకున్నాను. పుస్తకంలో కాకుండా ఫోన్‌లో నేర్చుకున్నందుకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. బావ ఆ వైపు పోయినప్పుడల్లా ఒకటి తెచ్చేవాడు. అవి పదకొండు అయ్యాయి. బిడ్డ ప్రతిదానికీ పేరు పెట్టింది, ఆదివారం చర్చికి పోయే ముందు తన జడతో పాటు వాటికీ జడలు వేసేది.

అప్పటికే సాయంత్రాలు తేడాగా ఉండేవి. వెలుతురు తగ్గగానే బిడ్డ గోడ పట్టుకొని నడిచేది. కరెంటు పోతే ఎక్కడున్నది అక్కడే కూర్చుండిపోయేది. బడిలో వార్షికోత్సవం నాడు చీకట్లో ఎవరి పళ్ళెమో తొక్కి దెబ్బలు తిన్నది. అక్క విసుక్కునేది.

"దీనికి నడకనే రాదు తమ్మీ. కండ్లు నెత్తి మీద పెట్టుకొని నడుస్తది."

ఎనిమిదేళ్ళు నిండాక ఒకరోజు దుకాణానికి వచ్చి బిడ్డ నన్ను అడిగింది. "మామా, నీ రేడియం నా గుర్రాలకు ఏస్తవా? కరెంటు పోయినప్పుడు గవి ఏడున్నయో నాకు తెల్వాలె."

నేను ఆ మధ్యాహ్నమే గ్రంథాలయానికి పోయాను. రేచీకటి గురించి దొరికింది. విటమిన్ ఎ లోపం వల్ల వస్తుందని, ఆకుకూరలు, క్యారెట్, బొప్పాయి, మేక కాలేయం, అంటే కార్జం, తినిపించాలని ఉంది. నోటుబుక్కులో ఎక్కించి, సాయంత్రం అక్క ముందు చదివాను. దవాఖానలో ఒకసారి చూపిద్దామా అని అక్క అడిగింది. జవాబు చెప్పినప్పుడు నా గొంతు ఎట్లా ఉందో కూడా నాకు జ్ఞాపకమే.

"ఎందుకక్కా ఊకెనే పరేషాన్ అయితవ్? బుక్కుల సాఫ్ సీదా రాసి ఉంది."

అక్క ఇంకేం అడగలేదు. ఇంట్లో రోజూ క్యారెట్, రెండు రోజులకోసారి తోటకూర, ఆదివారం కార్జం మొదలయ్యాయి. నేను గుర్రాల పని మొదలుపెట్టాను.

స్టిక్కరు అందుకు పనికిరాదు. పగటి వెలుతురును దాచుకొని చీకట్లో మెల్లగా వదిలే పొడి ఒకటి ఉంటుంది, క్రిస్మస్ నక్షత్రాలకు వాడదామని అంతకుముందే తెప్పించాను. దాన్ని నీళ్ళలాంటి వార్నిష్‌లో కలిపి పూయాలి. కింద తెల్ల రంగు ఉంటేనే అది బాగా మెరుస్తుంది. పొడి బరువు, నిమిషానికోసారి కలపకపోతే అడుగున కూర్చుంటుంది. జుట్టు పని ఇంకా ఓపికది. గుర్రం తలను వేడినీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక మెడ నుంచి ఊడదీయాలి. పాత జుట్టు లోపలి నుంచి పీకి, ఒక్కొక్క రంధ్రంలో మెరిసే దారం కుచ్చును సూదితో దింపి ముడి వేయాలి. ఒక గుర్రానికి వారం పట్టేది. పని అయ్యాక బల్బు కింద కాసేపు పెడితే వెలుగు తాగుతుంది. అప్పుడు చీకట్లోకి తీసుకుపోతే ఆకుపచ్చగా మెరుస్తుంది.

దుకాణం వెనక స్టిక్కరు చుట్టలు పెట్టే కొట్టు ఉంది. కిటికీ లేదు. తలుపు వేస్తే మిట్టమధ్యాహ్నం కూడా కటిక చీకటి. మొదటి గుర్రాన్ని, అదే సీతాకోకచిలుకల గుర్రాన్ని, బల్బు కింద పెట్టి, బిడ్డను లోపలికి తీసుకుపోయి తలుపు వేశాను. నా చేతిలో ఆ గుర్రం మెడ, తోక, నాలుగు గిట్టలు వేరువేరుగా లెక్కపెట్టేంత స్పష్టంగా వెలిగాయి.

"ఏది మామా?" అంది బిడ్డ.

చీకటికి కళ్ళు అలవాటు పడడానికి అరగంట వరకూ పడుతుందని నేను చదివి ఉన్నాను. అదే చెప్పాను. నూరు దాకా లెక్కపెట్టమన్నాను, మళ్ళీ నూరు. మూడో నూరు అయ్యాక "ఆఁ, జరంత కనబడుతుంది" అంది. పుస్తకంలోని ఆ రాత మీద నమ్మకంతో నేను రంగునే తప్పు పట్టాను. పొడి తక్కువైందనుకున్నాను. కింద తెల్ల రంగు పలచనైందనుకున్నాను. వార్నిష్‌లో తడి చేరి పొడి చచ్చిపోయిందనుకున్నాను. ప్రతి అనుమానం తేదీ వేసి నోటుబుక్కులో రాశాను. పూత మీద పూత వేసి గుర్రాలు గరుకెక్కాయి, సీతాకోకచిలుకలు అడుగున పడిపోయాయి. మరి నాకెట్లా కనబడుతున్నదని ఒక్కసారీ నన్ను నేను అడగలేదు. అడిగినా జవాబు సిద్ధంగా ఉండేది: విటమిన్ ఇంకా పూర్తిగా ఒంటికి పట్టలేదని.

నాలుగైదు గుర్రాల తరువాత బిడ్డ బాగుందనడం మొదలుపెట్టింది. తలుపు వేయగానే "మస్తుగుంది మామా" అనేది. నేను అక్కకు ఫోన్ చేసి క్యారెట్ పనిచేస్తున్నదని చెప్పాను.

తొమ్మిదో గుర్రం నీలం రంగుది. దాని తోక కుట్టడం పొద్దుననే అయిపోయింది. అంతలో రామాయంపేట నుంచి ఆటోవాళ్ళు ముగ్గురు వస్తే దాన్ని కొట్టులోని సొరుగులో పడేసి పనిలో పడ్డాను. బడి అయ్యాక బిడ్డ వచ్చింది. కొట్టులోకి తీసుకుపోయి, తలుపు వేసి, సొరుగులోంచి గుర్రాన్ని తీసి తన చేతికిచ్చాను. లోపల ఏమీ వెలగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, బల్బు కింద పెట్టనేలేదని. పొద్దంతా సొరుగులో ఉన్న గుర్రం, దానిలో పిసరంత వెలుగు లేదు. ఆ మాట చెప్పబోతున్నాను.

"సూపరుంది మామా," అంది బిడ్డ చీకట్లో. "తోక ఐతే అన్నిటికన్న మంచిగ మెరుస్తుంది."

నేను వెంటనే తలుపు తీయలేదు. తీశాక బిడ్డ నా ముఖం చూసి గుర్రాన్ని గుండెకు ఆనించుకుంది. ఒట్టు పెట్టించుకోకుండానే అడిగాను, కొట్టులో నీకు ఒక్క గుర్రమన్నా కనబడిందా అని. తోకను వేళ్ళతో దువ్వింది.

"నువ్వు గంత కష్టపడి చేస్తున్నవ్ గద," అంది. "కనబడలేదంటే మల్ల చేస్తవ్. మల్ల క్యారెట్ తినాలె."

తోక బాగుందని ఎట్లా తెలిసిందంటే, కొత్త దారం చేతికి తెలిసిందని చెప్పింది.

వారంలో హైదరాబాద్ పోయాం. కంటి దవాఖానలో గిన్నెలాంటి మిషన్‌లో తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బిడ్డ గబగబా నొక్కుతూనే ఉంది. పరీక్ష చేసే అమ్మాయి ఆపి, వెలుగు లేనప్పుడు కూడా నొక్కుతున్నావు పాపా, కనబడ్డప్పుడు మాత్రమే నొక్కు, తప్పైనా ఎవరూ ఏమనరు అని నెమ్మదిగా చెప్పింది. నేను గోడ వైపు తిరిగాను. రెండోసారి మీట చప్పుడు చాలా తక్కువసార్లు వినబడింది.

డాక్టరమ్మ అక్కను, మీది మేనరికమా అని అడిగింది. అవునంది అక్క. ఇది విటమిన్ లోపం కాదని, కంటి వెనక పొర పుట్టుకతోనే బలహీనమని, ముందు చీకట్లో చూపు పోయి తరువాత పక్కల నుంచి మూసుకుంటూ వస్తుందని, నడుమ చూపు ఎన్నేళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరని చెప్పింది. ప్రస్తుతానికి మందు లేదు. ఏడాది ముందు వచ్చి ఉంటే అని నేను అడిగాను.

"చూపులో తేడా ఉండేది కాదు," అంది ఆమె. "కాని పాపకు తెలిసుండేది. అందరికీ తెలిసుండేది."

మొదటి సగం పట్టుకొని నా తప్పు లేదని చుట్టాలు ఇప్పటికీ ఓదారుస్తారు. నాకు సంబంధించింది రెండో సగం. ఆ ఏడాదంతా ఆ పిల్ల చూడక పడుతున్నదని తిట్లు తిన్నది, కనబడుతున్నదని చెప్పి నన్ను సంతోషపెట్టింది. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ బరువంతా ఒక్కతే మోసింది.

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు కూర్చుంది, బిడ్డ తన ఒడిలో నిద్రపోయింది. కౌడిపల్లిలో బస్సు ఆగినప్పుడు, నా వైపు తిరగకుండానే ఒక్క మాట అంది.

"నువ్వు చదివినవ్ గదా అని నేను ఊకున్న తమ్మీ."

కోపంగా అనలేదు. అదే ఇప్పటికీ నాకు వినబడుతుంది.

రంగు గురించిన పుకారు ఆ తరువాత పుట్టింది. డబ్బా మీద రాసింది చదివి, ఇందులో రేడియం లేదని, బిడ్డ జబ్బు పుట్టుకతో వచ్చిందని బావకు ఫోన్‌లో చెప్పాను. ఆయన సరే అన్నాడు. నిజం చెప్పాలంటే, రెండు రోజులు నేనే ఆ రంగుదే తప్పైతే బాగుండునని కోరుకున్నాను. అట్లైతే ఆ డబ్బాలు పారేస్తే ఆగిపోయేది కదా.

కొన్ని నెలలు గ్రంథాలయం వైపు పోలేదు. పోయిన రోజు అదే పుస్తకం తీశాను. నేను రాసుకున్న పేజీ చివరిదాకా చదివి, పేజీ తిప్పాను. ఆహారంతో కొద్ది వారాల్లో గుణం కనబడకపోతే కంటి పొర జబ్బేమో వెంటనే పరీక్ష చేయించాలని అక్కడ ఉంది. నాకు కావలసింది దొరికిందని ఆ రోజు నేను పేజీ తిప్పలేదు. చదవడం తప్పని నేననను, ఇప్పటికీ రోజూ చదువుతాను. కాని పద్దెనిమిదో నోటుబుక్కు మొదలుపెట్టలేదు.

బిడ్డకు ఇప్పుడు పద్నాలుగేళ్ళు. పగలు ఎదురుగా ఉన్నది బాగా చూస్తుంది, చదువుతుంది. పక్క నుంచి వచ్చే బండి కనబడదు. పోయిన ఎండాకాలం అప్పటి పదకొండు గుర్రాల్లో నేను పాడుచేసిన తొమ్మిదింటినీ సంచిలో వేసుకొని వచ్చింది. ఆ పూతలన్నీ తీసేయమంది. గుడ్డకు స్పిరిట్ అద్ది రోజూ కొంచెం కొంచెం రుద్దాను. సీతాకోకచిలుకలు కూడా పూతతో పాటే వచ్చేశాయి. క్షమించమని అడిగాను. గులాబి రంగన్నా మిగిలింది గదా అని తుడుచుకొని సంచిలో పెట్టుకుంది.

సాయం చేసినవాళ్ళను పేరుపేరునా తలచుకోవాలి. పేర్లు రాయొద్దని అక్క మాట, కాబట్టి వరసలతోనే చెబుతాను. తప్పైనా ఎవరూ ఏమనరని బిడ్డకు చెప్పిన ఆ పరీక్ష గది అమ్మాయికి. నా ప్రశ్నకు రెండు సగాలూ దాచకుండా చెప్పిన డాక్టరమ్మకు. ఇన్ని నెలలు ఎక్కడ పోయావని అడగకుండా నా కార్డు తీసి బల్ల మీద పెట్టిన గ్రంథాలయం పెద్దాయనకు. అడగకముందే బిడ్డను మొదటి బెంచీకి మార్చి, బోర్డు మీద అక్షరాలు పెద్దవి చేసిన లెక్కల టీచరుకు. ఇప్పటికీ ఎక్కడ కనబడినా గుర్రం కొనుక్కొచ్చే బావకు. ఆ ఒక్క మాట తప్ప మరొక మాట నన్ను అనని అక్కకు.

ఇక బిడ్డకు. ఈ రాత మొత్తం తానే చదివింది. తనకు చీకటంటే భయమని ఒకచోట రాశాను, దాన్ని కొట్టేసింది. భయం ఎప్పుడూ లేదట. సాయంత్రాలు ట్యూషన్ నుంచి నేనే తీసుకొస్తాను. నా మోచేయి పట్టుకొని నడుస్తుంది. దారిలో అప్పుడప్పుడు అడుగుతాను, ఎదురుగా వచ్చేది ఎవరు, మెట్టు కనబడుతుందా అని. ముందంతా అడిగిన ప్రతిదానికీ ఆఁ అనేది. ఇప్పుడు అనదు. ఆగి, చూసి, కనబడకపోతే ఆ మాటే చెబుతుంది.

"లేదు మామా. కనబడతలేదు."

ఆ మాట నాకు చెబుతున్నందుకు తనకు ఋణపడి ఉంటాను.