సి తరఫున నరేశ్

అమెరికా అధ్యక్ష ఎన్నికలు జరిగిన ఒక ఏడాది, ఫిబ్రవరి మొదట్లో, లండన్‌లోని మా బెట్టింగ్ సంస్థ ఆ ఎన్నికల ప్రైమరీల బాధ్యతను నాకు అప్పగించింది. అప్పటికి నేను రాజకీయ విభాగంలో సీనియర్ ట్రేడర్‌ని. ట్రేడర్ అనగానే షేర్లు కొని అమ్మే మనిషి అనుకోవద్దు. ఏ అభ్యర్థి గెలవడానికి ఎంత అవకాశం ఉందో లెక్కగట్టి, ఆ అంకెను పందెం ధరగా మార్చి తెరమీద పెట్టేవాళ్ళని మా దగ్గర అలా పిలుస్తారు. బ్రిటన్‌లో ఇది లైసెన్సు మీద నడిచే వ్యాపారం. గుర్రాలకూ ఫుట్‌బాల్‌కూ ధర కట్టినట్టే ఎన్నికలకూ కడతారు, సొంత దేశంవైనా పరాయి దేశంవైనా.

మాది తెనాలి. స్టాటిస్టిక్స్ చదువుకుని, పెళ్ళయి లండన్ దగ్గరి స్లౌ ఊరికి వచ్చి, అక్కడి నుంచి రోజూ రైల్లో లండన్ వెళ్ళి ఈ ఉద్యోగం చేశాను. మా వీధి తెలుగువాళ్ళు ఏం చేస్తారని అడిగితే రిస్క్ అనాలిసిస్ అనేదాన్ని. అందులో అబద్ధం ఏమీ లేదు. పందేల కంపెనీ అని పూర్తిగా చెప్పిన రోజున మాత్రం, నేనేదో వీధి చివర పేకముక్కలు పంచుతున్నట్టు చూశారు. ఉద్యోగులం మేం ఒక్క పందెం కూడా కాయకూడదని కంపెనీ నిబంధన ఉందన్నా ఎవరూ నమ్మలేదు. తర్వాత చెప్పడం మానేశాను.

ప్రైమరీ అంటే, పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు నిలబడాలో తేల్చుకోవడానికి ఒక్కో రాష్ట్రంలో జరిగే ఓటింగు. వీటికి ధర కట్టడం అసలు ఎన్నిక కంటే కష్టం. ఒకే పార్టీలో మనుషులు కాబట్టి ఓటరు ఈవేళ ఒకరి వైపు, రేపు ఇంకొకరి వైపు సులువుగా జరిగిపోతాడు. అందుకని మా విభాగంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మీటింగులో అభ్యర్థుల పేర్లు ఎవరూ పలకకూడదు. ఎ, బి, సి, డి అనాలి. పేరు నోట్లోకి రాగానే ఇష్టమో కోపమో వెంటబడి వస్తుందని మా అనుభవం. అందరం మాట్లాడకుండా ఎవరి అంచనా వాళ్ళు కాగితం మీద రాసుకోవాలి, మొత్తం నూరు కావాలి. తర్వాత అందరికంటే జూనియర్ ముందు చదవాలి, సీనియర్ ఆఖరున. లేకపోతే చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ మొహం చూసి అంకె మార్చేస్తారు.

ఇంకో నియమం ఉంది. ఒక అభ్యర్థికి అవకాశమే లేదని అందరం ఒకే మాట మీద ఉంటే, వాళ్ళలో అతనికి అందరికంటే తక్కువ ఇచ్చిన మనిషే లేచి అతని తరఫున వాదించాలి. వాదన ముగిసేదాకా ఎవరూ అడ్డు రాకూడదు. దీన్ని అపోజిషన్ అనేవాళ్ళం. చాలామంది దీన్ని తూతూమంత్రంగా కానిచ్చి కూర్చునేవాళ్ళు. నేనూ ఎన్నోసార్లు అలాగే కానిచ్చాను.

ఆ ప్రైమరీ సీజనులో మా అందరికంటే జూనియర్ నరేశ్. కరీంనగర్ అబ్బాయి, లండన్ తూర్పు శివారు ఇల్ఫర్డ్‌లో భార్య, బడికెళ్ళే కూతురుతో ఉండేవాడు. బుర్ర పాదరసం, నోరు మరీ పాదరసం. బయట నన్ను ఆంటీ అని పిలిచేవాడు, మీటింగులో ఇక్కడి పద్ధతిలో పేరు పెట్టి సుభద్ర అనేవాడు. గదిలోంచి బయటికి అడుగు పెట్టగానే మళ్ళీ ఆంటీనే. అతను ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. అతని వర్క్ వీసా మా కంపెనీ స్పాన్సర్ చేసింది. ప్రొబేషన్ దాటితే ఉద్యోగం పక్కా. దాటకపోతే రెండు నెలల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, దొరక్కపోతే కుటుంబంతో దేశం వదలాలి. ఈ ప్రైమరీలో అతని పనిని బట్టే ఆ నిర్ణయం ఉంటుందని మా ట్రేడింగ్ హెడ్ కోలిన్ ముందే చెప్పాడు. ఆ సంగతి నరేశ్‌కీ తెలుసు, మా అందరికీ తెలుసు.

గొడవంతా ఒక మంచు రాష్ట్రం దగ్గర వచ్చింది. ఓటింగుకు వారం ముందు డి అనే అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నాడు. అలాంటప్పుడు మా వృత్తిలో అందరూ చేసే పని ఒకటుంది. తప్పుకున్నవాడి వాటాను మిగిలినవాళ్ళకు వాళ్ళ వాళ్ళ బలాన్ని బట్టి పంచేస్తాం. పెద్దవాడికి పెద్ద ముక్క, చిన్నవాడికి చిన్న ముక్క. లెక్క నీట్‌గా నూరుకు వస్తుంది, మనసు కుదుటపడుతుంది. ఆ రోజూ అందరం అదే చేశాం. ఎ తప్పకుండా గెలుస్తాడని తేల్చాం. సి‌కి దాదాపు అందరం నూటికి ఆరో ఏడో ఇచ్చాం.

నరేశ్ ముందుగా చదివాడు. సి‌కి రెండు ఇచ్చాడు.

ఎందుకంత తక్కువని కోలిన్ అడిగితే నరేశ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నియమం ప్రకారం సి తరఫున వాదించాల్సింది అతనే అయ్యాడు. లంచ్ తర్వాత వింటానని చెప్పి కోలిన్ లేచాడు. కోలిన్ కోపిష్టి కాదు గానీ, సొంత కోపాన్ని ధరలో కలిపే ట్రేడర్ మాకు పనికిరాడని చాలాసార్లు అన్నాడు. నరేశ్ అదే పని చేశాడని కోలిన్‌కీ నాకూ అర్థమైంది.

క్యాంటీన్‌లో నరేశ్ టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. అతని అక్క అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉంది, ఏళ్ళ తరబడి గ్రీన్ కార్డు కోసం ఎదురు చూస్తోంది. సి ప్రతి సభలోనూ వర్క్ వీసాల మీద వచ్చినవాళ్ళను ఇళ్ళకు పంపేస్తానని చెబుతున్నాడు.

“ఆంటీ, మా అక్కను ఎల్లగొడ్తా అన్నోని తరఫున నేనెట్ల మాట్లాడాలె?” అన్నాడు.

“నీ కడుపుమంట అక్కడి ఓటర్లకు తెలీదు కదయ్యా. వాళ్ళు నీకోసం ఓటు మార్చుకోరు. పేరు పక్కన పెట్టి అక్షరం చూడు,” అన్నాను. చెప్పడం తేలికే. ఆ మాట అంటున్నప్పుడే, నా తోబుట్టువు సంగతైతే నేను ఆ పని చేయగలిగేదాన్నా అనిపించింది.

లంచ్ తర్వాత నరేశ్ లేచి నిలబడ్డాడు. మొదటి మాటగా, తానిచ్చిన రెండు లెక్క కాదని, కోపమని చెప్పాడు. కారణం చెప్పలేదు. అక్కడి నుంచి వాదన మొదలుపెట్టాడు. డి వాటాను ముక్కలు చేసి పంచడం తప్పన్నాడు. ఓటర్లు కుండలో నీళ్ళు కారు, వంచితే అన్ని గిన్నెల్లోకీ సమంగా పడరు అన్నాడు. ఇంగ్లీషు సహోద్యోగులకు అర్థం కావాలని ఇల్ఫర్డ్ వైపు ఒక తెలుగు సంఘం అధ్యక్ష ఎన్నిక కథ చెప్పాడు. ముగ్గురు నిలబడితే ఒకాయన ఆఖరి నిమిషంలో తప్పుకున్నాడు. మిగిలిన ఇద్దరూ ఆయన ఓట్లు తలా సగం వస్తాయనుకున్నారు. రాలేదు. ఆయన వంట బృందం, ఆయనతో కారులో గుడికి వచ్చేవాళ్ళు, ఆయన క్రికెట్ జట్టు అందరూ మూటగట్టుకుని ఒక్కరి వైపే వెళ్ళారు. ఎందుకంటే రెండో ఆయన ఉగాది వేదిక మీద వాళ్ళ పులిహోరను ఎగతాళి చేశాడు. గది అంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ ఉగాదికి నేనూ వెళ్ళాను, ఆ ఎగతాళి విన్నాను, ఆ పులిహోర తిన్నాను. అతను చెప్పింది పొల్లుపోకుండా నిజం.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. టీవీ చర్చలో డి‌ని ఎ వెటకారం చేశాడు, డి మనుషులు దాన్ని మరచిపోరు. బి నగరం మనిషి, వాళ్ళకు కిట్టడు. మిగిలింది సి ఒక్కడే. సి వెంట ఉన్నవాళ్ళు మంచులో నడిచైనా వచ్చి ఓటేస్తారు. ఎ గెలుస్తాడని నమ్మినవాళ్ళు చలికి ఇంట్లోనే కూర్చుంటారు. సి మనుషులు మూర్ఖులు కారని, వాళ్ళ ఊళ్ళలో మూతపడ్డ ఫ్యాక్టరీల కోసం బాధపడేవాళ్ళని, వాళ్ళు ఎందుకు సి మాట నమ్ముతారో తనకు అర్థమవుతుందని చెప్పాడు. ఆ మాట దగ్గర ఆగి, మంచినీళ్ళు తాగి కొనసాగించాడు. ఒక్క వెటకారం లేదు, ఒక్క మాట తూలలేదు. సి స్వయంగా వచ్చి నిలబడినా తన కోసం అంత బాగా వాదించుకోలేడు.

అన్నేళ్ళ సర్వీసులో ఎంతో తెలివిని చూశాను. తన ఇంటివాళ్ళకు హాని తలపెట్టిన మనిషికి అతనికి దక్కాల్సిన న్యాయం అణా తక్కువ కాకుండా ఇవ్వడం మాత్రం అంతకుముందు చూడలేదు. ఇంకో ఆశ్చర్యం కూడా నన్ను పట్టుకుంది. ఎక్కడో మంచులో, మేమెవరమూ చూడని ఊళ్ళ నుంచి, ముక్కూమొహం తెలియని మనుషులు బూట్లు వేసుకుని ఓటేయడానికి బయల్దేరతారు. వాళ్ళ మనసులో ఏముందో లండన్‌లో ఒక గదిలో కూర్చుని ఆరుగురం లెక్కగడుతున్నాం. ఆ లెక్కను అన్నాళ్ళూ మామూలు ఆఫీసు పనిలా చేశాను. ఆ మధ్యాహ్నం మొదటిసారి దాన్ని చూసి భయం వేసింది.

కోలిన్ అందరినీ మళ్ళీ రాయమన్నాడు. నరేశ్ ముందు చదివాడు, సి‌కి ముప్పై పైచిలుకు. మేమంతా అటూ ఇటూ అక్కడే ఉన్నాం. నేను ఆమోదించాను, కొత్త ధర తెరమీదకు వెళ్ళింది. మిగతా కంపెనీలన్నీ సి‌ని ఆశలేని అభ్యర్థిగా చూపిస్తున్నాయి. మేమొక్కళ్ళమే కాదన్నాం. అవకాశం ఎక్కువని పెడితే, పందెం గెలిచినవాళ్ళకు ఇచ్చే డబ్బు తగ్గుతుంది. దాంతో సి మీద పందెం కాయాలనుకున్నవాళ్ళు మమ్మల్ని వదిలి ఎక్కువ డబ్బు ఇచ్చే కంపెనీలకు పోయారు. పై అంతస్తులో సణుగుడు మొదలైంది.

ఓటింగు రోజునే నరేశ్ ప్రొబేషన్ మీద కోలిన్, నేను అభిప్రాయం ఇవ్వాలి. ఒక్క రోజు ఆగుదాం, ఫలితం చూసి రాద్దాం అన్నాడు కోలిన్. సి గెలిస్తే నరేశ్‌ని ఉంచుకోవడం తేలిక, ఓడితే పైవాళ్ళకు తాను జవాబు చెప్పుకోవాలి. అతని ఇబ్బంది నాకు అర్థమైంది, కానీ నాకు కోపం వచ్చింది. ముప్పై ఇచ్చామంటే, మూడు సార్లలో రెండు సార్లు సి ఓడిపోతాడనే కదా మన లెక్క చెబుతున్నది, లెక్క చెప్పినట్టే జరిగితే మనిషిని ఇంటికి పంపుతావా అని అడిగాను. చివరికి కోలిన్, నా పేరు మీద రాస్తే తాను ఒప్పుకుంటానన్నాడు. అక్కడ పోలింగు ఇంకా నడుస్తుండగానే రాసి ఇచ్చాను. కోలిన్ కూడా సంతకం చేశాడు. అధికారికంగా ఉత్తరం మర్నాడు వెళ్తుంది కాబట్టి నరేశ్‌కి చెప్పకూడదు.

మర్నాడు పొద్దున్నే లేచి ఫోన్ చూస్తే, ఎ గెలిచాడు. సి ఓడిపోయాడు, చాలా కొద్ది తేడాతో. డి మనుషులు నరేశ్ చెప్పినట్టే మూటగట్టుకుని సి వైపే వెళ్ళారు, అయినా చాలలేదు. ఆ రాష్ట్రం పోయాక సి పోటీలో నిలబడలేడని వార్తల్లో చెబుతున్నారు. రైల్లో నిలబడి ఆ వివరాలు చదువుతూ, నరేశ్ ఏ మొహంతో వస్తాడో అనుకున్నాను.

నేను వెళ్ళేసరికి నరేశ్ నా టేబుల్ దగ్గర ఉన్నాడు, చేతిలో స్టేషన్ పక్క సూపర్‌మార్కెట్ డోనట్ల డబ్బా. ఆఫీసులోనే, అందరి ముందూ, ఆంటీ అన్నాడు.

“ఓడిపోయిండు ఆంటీ! పొద్దుగాల్నే అక్కకు ఫోన్ చేసిన. ఏడ్సింది, సంతోషంతోని. తీస్కోండ్రి, నోరు తీపి చేస్కోండ్రి.”

“మరి నీ ఉద్యోగం?”

“పోతె పోనియ్యి. ఇంకోటి దేవులాడుకుంట. గాడు గెలిస్తె నా కొలువు నిలవడ్తుండె, అక్క రోడ్డు మీద పడ్తుండె. గట్ల నిలవడ్డ కొలువు నాకెందుకు?”

వారం రోజులుగా తన ఉద్యోగం సి గెలుపు మీద ఆధారపడిందని అతను నమ్ముతున్నాడు. నమ్ముతూనే సి ఓడాలని కోరుకున్నాడు. అయినా మీటింగులో సి‌కి దక్కాల్సిన అంకెలో ఒక్కటి కూడా తగ్గించలేదు, ముప్పై పైచిలుకు ఇచ్చాడు. ఆ మూడు సంగతులూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ తెలియదు.

నిబంధన పక్కన పెట్టి చెప్పేశాను. “నీ ఉత్తరం మీద నిన్ననే సంతకాలు అయ్యాయి. ఫలితం రాకముందే.”

నరేశ్ కుర్చీలో కూర్చున్నాడు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, సి గెలిచుంటే ఏం రాసేవాళ్ళు అని అడిగాడు. అదే ఉత్తరం అన్నాను. తల ఊపాడు. తర్వాత లేచి వెళ్ళి కోలిన్‌కి ఒక డోనట్ ఇచ్చాడు, ఎందుకిస్తున్నాడో చెప్పలేదు.

ఆ నెలలోనే మా విభాగం పనివిధానంలో ఒక వాక్యం చేర్పించాను. ట్రేడర్ పనిమీద అభిప్రాయం ఆ ఫలితం రాకముందే రాసి సంతకం చేయాలి. ఫలితం వచ్చాక ఎవరి తెలివైనా ఎక్కువగానో తక్కువగానో కనబడుతుంది, ఉన్నంత మాత్రం కనబడదు. నేను రిటైరయ్యేదాకా ఆ వాక్యాన్ని ఎవరూ తీసేయలేదు.