భాగ్యవ్వ చిరునామా

కామాటిపురలో, ఇరుకు గదులు వరుసగా ఉండే ఒక చాల్‌లో ఒంటి గది భాగ్యవ్వది. ఒక పెనం, ఒక పాత ఫోన్‌తో ఆన్‌లైన్‌లో జొన్నరొట్టెలు అమ్మడం మొదలుపెట్టింది. ఆర్డరిచ్చిన ప్రతివారికీ ఫోన్ చేసి, ఊరూ ఇంటిపేరూ అడిగి, గొంతును బట్టి మనిషిని అంచనా వేసేది. సానివాడగా పేరుపడ్డ ఆ పేట పేరు వింటే జనం ముఖాలు మారతాయని తన చిరునామా మాత్రం దాచేది. రొట్టెలు తనే మోసుకెళ్ళి ఇచ్చేది.

ఒకరోజు అదే నగరంలోని వర్లి నుంచి సుగుణ అనే ఆమె యాభై రొట్టెలు అడిగింది. "మీ పత్తా చెప్పుండ్రి అక్కా. తినేటివి గద, ఎట్ల చేస్తరో చూడాలె" అంది. భాగ్యవ్వ పిండి చేతిని చీరకు తుడుచుకుంది. "కామాటిపుర. రావాలనిపిస్తే రాండ్రి" అంది. అటువైపు ఫోన్ పెట్టేశారు. మర్నాడు సుగుణ దారి కనుక్కుంటూ చాల్‌కు వచ్చింది. భాగ్యవ్వ ఆమెను పొయ్యి పక్కన కూర్చోబెట్టి, వేడి రొట్టె చేతికిచ్చి, ఆ ముఖం మారుతుందేమోనని, ఆమె నమిలి మింగేదాకా చూపు తిప్పలేదు.