హాజరులో లేని సత్తెమ్మ

సత్తెమ్మ ఇంటికి బీమా డబ్బు రాకపోవడానికి ఊడ్చేవాళ్ల హాజరు వేసే జమేదారే కారణమని మా ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. మామూళ్లు తిని దొంగ హాజరు వేశాడట. తమకు కాస్త ఎక్కువ తెలుసనుకునేవాళ్లు, కంపెనీయే ఎగ్గొట్టిందంటారు. రెండూ తప్పే. జమేదారు మామూళ్లు తిన్నాడేమో, ఆయన్ను వెనకేసుకురావడం నా పని కాదు. కానీ ఈ పాపం ఆయనది కాదు. నాది. ఇన్నేళ్లుగా దీన్ని గుండెల మీద బండలా మోస్తూనే, ఎదురైన ప్రతివాళ్లతోనూ వాదించి గెలుస్తూ వచ్చాను. మీతో వాదించను. వినండి చాలు.

వరంగల్ పక్కన చిన్న మునిసిపాలిటీ మాది. పేరు రాయను. హనుమకొండ నుంచి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. డిగ్రీ చదివినదాన్ని, పైగా నోరున్నదాన్ని. అందుకే సిబ్బంది వ్యవహారాలు చూసే సెక్షన్ నా చేతికొచ్చింది. డెబ్బైల చివర్లో, ఊడ్చేవాళ్లతో సహా సిబ్బంది అందరికీ కలిపి బీమా చేయించాలని కౌన్సిల్ తీర్మానించింది. ఏ కంపెనీ మంచిది, ఏ షరతుకు ఒప్పుకోవాలి, రేపు ఎవరికైనా ఏమైనా అయితే వెంటపడి డబ్బు ఇప్పించేదెవరు? ఇవి చూడటానికి ఒక సలహాదారును పెట్టుకోవాలనుకున్నారు. ఇద్దరు వచ్చారు. ఎంచుకునే కమిటీలో నేనొకదాన్ని.

మొదటివారు కొత్తవాడ రామచంద్రం గారు, బీమా పనిలోనే జుట్టు నెరిసిన మనిషి. రెండోవాడు రఘు. కాలేజీలో ప్రతి వాదోపవాదంలోనూ నాకు ఎదుటి పక్షం. నన్ను ఓడించిన ఒకే ఒక్కడు. హైదరాబాదులో స్థిరపడ్డాడు, పెళ్లయింది. ఇవన్నీ నాకు తెలుసు.

ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర పర్మినెంటు మనిషి మంచాన పడితే ఇంట్లోవాళ్లొకరు వచ్చి అదే చీపురు పట్టేవాళ్లు. బద్లీ అనేవాళ్లం. తెల్లవారి హాజరులో జమేదారు “కొమురయ్యా” అని పిలిస్తే అతని భార్య సత్తెమ్మ “ఉన్న” అనేది. ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అంత మామూలు విషయం.

కమిటీ ముందు రామచంద్రం గారు దాన్నే పట్టుకున్నారు.

“బిడ్డా, పొద్దుగాల మీ హాజరుకాడికి పోయి చూసొచ్చిన. కొమురయ్యా అంటే ఓ ఆడామె పలుకుతాంది. ముందుగాల పేర్లు సక్కజేయుండ్రి. బీమా ఎన్కసీరి చేద్దాం.”

“సక్కజేసుడంటే బద్లీలు ఉన్నరని ఒప్పుకునుడే గద సార్. ఒప్పుకున్న తెల్లారే రూలు ప్రకారం వాళ్లను తీసెయ్యాలె. అప్పుడు మీ పాలసీని వండుకొని తింటరా?” అన్నాను.

కమిటీలో ఎవరో నవ్వారు.

“తియ్యకుంట రాయించే తొవ్వ ఉన్నది. జర టైం పడ్తది. నేను తిరుగుత.”

“మీరు తిరిగెటాల్లకు ఎవలన్న పోతే?”

“ఇప్పుడు గిట్లనే చేయిస్తే కూడ, పోయేది మనిషి, బతికుండేది పేరు. కంపెనీ పేరును జూస్తది బిడ్డా.”

“ముందు ఉన్న పేర్ల మీద కానియ్యుండ్రి. పేర్ల సంగతి తర్వాత నేను జూస్కుంట. నా పూచీ.”

నా పూచీ అన్నాను. నోరున్నదే గాని న్యాయమైన మనిషి అని నాకు పేరు. ఆ మాటతో అందరూ, ఉన్న పేర్ల మీదే చేయిస్తానన్న రఘు వైపు మొగ్గారు.

నేను చెప్పింది అబద్ధమా? కాదు, బద్లీలను తీసేసే ప్రమాదం నిజంగానే ఉంది. సగం నిజాన్ని పట్టుకుని పోరాడితే ఎంత ధైర్యం వస్తుందో నాకు ఆ రోజే తెలిసింది. మిగతా సగం ఇది: రఘును పెట్టుకుంటే వారానికొకసారి వస్తాడు. అంతే. ఇంతకంటే పెద్ద కారణం వెతుకుదామని ఎన్నోసార్లు చూశాను, దొరకలేదు.

గురువారాలు వచ్చేవాడు. చాయ్ చల్లారేదాకా వాదించుకునేవాళ్లం, రాజకీయాలు, సినిమాలు, ఉల్లిగడ్డ ధర, ఏదైనా సరే. అతను వెళ్లాక గది పెద్దదైపోయినట్టు ఉండేది. పేర్ల సంగతి ఎత్తాలని ప్రతి గురువారం అనుకునేదాన్ని, కానీ అది ఎత్తితే కాగితాలు, సంతకాలు, కమిషనరు గది, మాకు మిగిలే ఆ కాస్త పొద్దూ వాటికే పోతుంది గనుక వచ్చే వారం చూద్దాంలే అనుకునేదాన్ని. వచ్చే వారం కూడా అలాగే అనుకునేదాన్ని.

ఒక తెల్లవారుజామున మార్కెట్ రోడ్డు ఊడుస్తున్న సత్తెమ్మను లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయింది.

కంపెనీ తప్పేమీ చేయలేదు. పాలసీలో ఉన్నది కొమురయ్య. కొమురయ్య బతికే ఉన్నాడు. దగ్గుకుంటూ, గోడ పట్టుకుని ఆయనే నా బల్ల ముందుకొచ్చాడు.

“అమ్మా, నా పేరు మీద అది పోయింది. దాని పేరు మీద నేనెట్ల బతకాలె?”

కుర్చీ జరిపి కూర్చోమన్నాను. నోరున్న ఆడమనిషికి అంతే చేతనైంది.

విచారణ జరిగింది. జమేదారును తీసేశారు. నన్నెవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు, ఇలా రాసుకుంటే ఎంత తేలికగా ఉంది. కమిటీవాళ్లు తమ తెలివితక్కువతనం బయటపడకుండా చూసుకున్నారు, ఆ చాటున నేనూ నిలబడ్డాను. రామచంద్రం గారు తర్వాత చౌరస్తాలో కనబడి వానల గురించి మాట్లాడి పోయారు. తిట్టి ఉంటే వాదించేదాన్ని.

ఆ ఏడాదితో రఘు ఒప్పందం ముగిసింది. మళ్లీ రాలేదు.

కొమురయ్య కూడా పోయాడు. ఇప్పుడు క్షమించమని అడగడానికి ఎవరూ లేరు, ఉన్నా అడిగే హక్కు నాకు లేదు. అయినా రాస్తుంటే ఛాతీలో ఏదో సడలుతోంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది.

ఇంకా సిగ్గుపడాల్సింది ఒకటుంది. ఇంత రాశాక కూడా నా మనసు తిరిగి తిరిగి సత్తెమ్మ దగ్గరికి పోవడం లేదు. ఆ రోజుల్లో ఒక గురువారం సెలవు పడింది. ఆఫీసుకు తాళం. తెలిసి కూడా ఉతికిన చీర కట్టుకుని వెళ్లాను. గేటు ముందు రఘు నిలబడి ఉన్నాడు. సెలవని మరిచిపోయానన్నాడు. నేనూ మరిచిపోయానన్నాను. కాసేపు తాళం వైపు చూసి, చెరో బస్సు ఎక్కాం.

నేను మరిచిపోలేదు. మరి అతను?