రిజిస్టర్‌లో ఒక్క సంతకం

మా యూనివర్సిటీలో ప్రతి డిపార్టుమెంటు గుమ్మం పక్కన ఒక బల్ల ఉంటుంది. దాని మీద హాజరు రిజిస్టర్, రిజిస్టర్‌కు దారంతో కట్టిన పెన్ను. పీహెచ్‌డీ చేసేవాళ్లం పొద్దున రాగానే సంతకం పెట్టి, పక్కన టైము వేసి లోపలికి పోవాలి. పెట్టకపోతే ఆ రోజు మేము లేనట్టే. పెట్టినా ఉన్నట్టు కాదు, అది వేరే సంగతి.

డిగ్రీ పిల్లలకూ పీజీ పిల్లలకూ సగం పాఠాలు చెప్పేది మేమే. రిటైరైన ప్రొఫెసర్ల జాగాల్లో కొత్తవాళ్లను వేయలేదు కాబట్టి టైంటేబుల్లో వాళ్ల గడులన్నీ వచ్చి మా నెత్తిన పడ్డాయి. నేను చరిత్ర విభాగంలో వారానికి పన్నెండు క్లాసులు చెప్పేదాన్ని. ప్రశ్నపత్రాలు తయారుచేసేదీ మేమే, జవాబు పత్రాలు దిద్దేదీ మేమే. కాగితాల్లో మాత్రం మేము విద్యార్థులం. లెక్కల విభాగంలో ఒకతనికి డెంగీ వచ్చి మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. సెలవు చీటీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లిన అతని భార్యతో, ఆయన ఇక్కడ ఉద్యోగే కానప్పుడు సెలవేమిటని నవ్వి పంపించారు. అతను లేచి తిరిగొచ్చేసరికి అతని క్లాసులు వేరేవాళ్లకు ఇచ్చేశారు. అంత పెద్ద మనిషి బ్లాకు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ వారమే మేము సంఘం పెట్టుకున్నాం.

అడిగింది ఒక్కటే. మేము ఇక్కడ పాఠాలు చెప్పేవాళ్లమని మా చేతికి ఒక ఆర్డరు ఇవ్వండి, ఉద్యోగికుండే సెలవూ మర్యాదా వాటంతటవే వస్తాయి అన్నాం. ఏడాదిపాటు అర్జీలు పెట్టాం. పెద్దవాళ్లను కలవడానికి పోతే, కొండకు వచ్చిన వీఐపీలతో బిజీగా ఉన్నారు, రేపు రండి అనేవాళ్లు. తిరుపతిలో ఆ రేపు ఎప్పటికీ రాదు, వీఐపీలు వస్తూనే ఉంటారు. చివరికి సమ్మె అన్నాం. క్లాసులు చెప్పం, ల్యాబుల్లోకి పోం, ఆర్డరు వచ్చేదాకా ఒక్కరం కూడా రిజిస్టర్‌లో సంతకం పెట్టం. అందరం చేయి చాచి ప్రమాణం చేశాం.

పరిపాలన భవనం ముందు పెళ్లిళ్ల షామియానా ఒకటి అద్దెకు తెచ్చి వేసుకున్నాం. ఎర్రవీ పచ్చవీ పూలున్న గుడ్డ. దాని కింద కూర్చుని మా నినాదాలు వింటే ఎవరి పెళ్లో ఆగిపోయి గొడవ జరుగుతోందని అనుకోవాలి. ఆరు రోజులు ఏ డిపార్టుమెంటులోనూ ఒక్క సంతకం పడలేదు. అటెండర్లు మాకోసం ఖాళీ పేజీలు తిప్పి చూపించేవాళ్లు. ఆ ఖాళీ పేజీలు చూసి మేము పడిన గర్వం ఇంతా అంతా కాదు.

సంఘం కమిటీలో ఐదుగురం. అధ్యక్షుడు భౌతికశాస్త్రం చేసే ఒక అన్న, మా అందరికంటే పెద్దవాడు, నిదానస్తుడు. నేను కార్యదర్శిని, మినిట్స్ పుస్తకం రాసేదాన్ని. జంతుశాస్త్రం అబ్బాయి ఒకడు, ఇంగ్లీషు అబ్బాయి ఒకడు. ఐదో మనిషి వృక్షశాస్త్రం అమ్మాయి. ఈ కథ ఆ అమ్మాయిదే.

తనది నగరి. వాళ్ల నాయన మరమగ్గాలు నడుపుతాడు. పుట్టినప్పటినుంచీ మగ్గాల చప్పుడులో పెరిగింది కాబట్టి హాస్టల్లో నిశ్శబ్దానికి మొదట్లో నిద్ర పట్టేది కాదట. నాకంటే రెండేళ్లు చిన్నది, అక్కా అని పిలిచేది. హాస్టల్లో పక్క గది. నా చీర కుచ్చిళ్లు సర్దేది, నేను తన థీసిస్ పేజీల్లో తప్పులు దిద్దేదాన్ని. తను చేసేది వేరుశనగ మీద. ఎంత తక్కువ నీటితో చెట్టు ఎన్నాళ్లు నిలబడుతుందో చూడడం. బ్లాకు లోపలి ఆవరణలో వలగుడ్డ కప్పిన షెడ్డులో నలభై కుండీలు. ప్రతి కుండీనీ రోజూ ఒకే వేళకు తూకం వేసి, తగ్గినంత నీళ్లు కొలిచి పోయాలి. ఒక రోజు తప్పితే కొలతలు పాడవుతాయి, ఇంకొన్ని రోజులు తప్పితే చెట్లే పోతాయి. మళ్లీ విత్తనం వేయాలంటే వచ్చే ఏడాది ఆ కాలం రావాల్సిందే.

సమ్మెకు ముందురోజు కమిటీలో ఈ మాట వచ్చింది. తన కుండీలు ఉన్నాయి, జంతుశాస్త్రం అబ్బాయికి ఎలుకలు ఉన్నాయి. సమ్మె పేరుతో వాటిని చంపుకుంటామా? ప్రాణమున్న ప్రయోగాలు చేసేవాళ్లు పొద్దున్నే వెనక తలుపు గుండా వెళ్లి, గంటలో పని చూసుకుని వచ్చేయవచ్చు, సంతకం మాత్రం పెట్టకూడదు అని మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాశాను. ఐదుగురం సంతకాలు పెట్టాం. కానీ అందరి ముందూ చదవలేదు. ఆర్ట్స్ వాళ్లకు అప్పటికే, సైన్సు వాళ్లు తెలివిగా పనులు చేసుకుంటూ మమ్మల్ని ఎండలో కూర్చోబెడతారని అనుమానం. సమ్మె నిలబడ్డాక నిదానంగా చెబుదాంలే అన్నాడు అన్న. నాకూ సబబుగానే తోచింది.

ఏడో రోజు పొద్దున వెనక తలుపుకు తాళం వేసి ఉంది. తను ముందు గుమ్మం నుంచి వెళ్లింది. బల్ల దగ్గర అటెండరు "రా పాపా" అన్నాడు. నాలుగేళ్ల అలవాటు. చేయి పెన్ను పట్టుకుంది, సంతకం పెట్టింది, పక్కన టైము కూడా వేసింది. పరిశోధన చేసేవాళ్లకు కొలత తీసినప్పుడల్లా వేళ రాయడం నరాల్లోకి ఎక్కిపోయి ఉంటుంది. సరిగ్గా నిమిషంతో సహా వేసింది.

షామియానాలోకి వస్తూనే నన్ను పక్కకు లాగింది.

"అక్కా, చెయ్యి పొయిందక్కా. సంతకం పెట్టేసినాను. పొయ్యి కొట్టేసొస్తా."

"కొట్టేస్తే ఇంకా తప్పుగా కనపడతాది. వదిలెయ్ మే. దాన్ని ఎవురు సూస్తారు?" అన్నాను.

మధ్యాహ్నానికి ఆ పేజీ ఫొటో అందరి ఫోన్లలో ఉంది. ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. ఖాళీ పేజీ, దాని మధ్యలో తన పేరొక్కటే. మీవాళ్లే పనిలోకి వస్తున్నారు కదా, ఇంకెవరితో మాట్లాడాలి అని ఆఫీసు నుంచి కబురు కూడా వచ్చింది. మరుసటి రోజే చర్చలకు పిలుస్తామన్నారు అంతకుముందు.

సాయంత్రం నాలుగింటికి సభ పెట్టాం. అందరూ వచ్చారు. తనను నిలబెట్టారు. నిలబెట్టారు అనడం ఎందుకు, నిలబెట్టాం.

"ఆ సంతకం నీదేనా?" అని అడిగారు ఎవరో.

"నాదే. పొరపాటున పెట్టినాను."

"పొరపాటు సరే. అసలు లోపలికి ఎందుకు పొయినావు? ఎవురు పొమ్మన్నారు?"

తను మాట్లాడలేదు. మినిట్స్ పుస్తకం నా ఒళ్లో ఉంది. పేజీ తెరిచి రెండు వాక్యాలు చదివితే చాలు. నేను అన్న వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు, చాలా కొంచెంగా. ఆయన భయం నాకు అర్థమైంది. కమిటీ చాటుగా కొందరికి మినహాయింపు ఇచ్చిందని తెలిస్తే సగం మంది అప్పటికప్పుడు లేచిపోతారు, సమ్మె ముగిసిపోతుంది. రోజూ ఎలుకలకు మేత వేసి వస్తున్న అబ్బాయి తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. నేను పుస్తకం మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాను.

"ఆఫీసోళ్లకు అమ్ముడు పొయిందబ్బా, ఇంకా అడిగేదేంది?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

తను అక్కడే నిలబడి అదంతా విన్నది. ఏడవలేదు. కూర్చోమని ఎవరూ అనకపోతే, కాసేపటికి తనే వెళ్లి షామియానా చివర, గుంజ పక్కన కూర్చుంది.

మరుసటి రోజు అందరికంటే ముందు వచ్చింది. అదే చోట కూర్చుంది. పొద్దున వచ్చి సాయంత్రం చివరి మనిషి లేచేదాకా కదల్లేదు. కుండీల దగ్గరికి వెళ్లలేదని నాకు ఆ మధ్యాహ్నం అర్థమైంది. చర్చలు ఇవాళ రేపు అంటూ ఐదు రోజులు జరిగాయి. ఎండలు మండిపోతున్నాయి. తన చుట్టూ ఎప్పుడూ రెండు చాపల ఖాళీ ఉండేది. నినాదాలిచ్చేటప్పుడు తనూ గొంతు కలిపేది. మూడో రోజు నీళ్ల క్యాను దగ్గర ఎదురుపడితే గొంతు తగ్గించి అన్నాను.

"చెట్లు సచ్చిపోతాయి మే. ఈడ నేను సూసుకుంటా, పొయ్యిరా."

"వద్దులే అక్కా. ఈసారి ఎవురన్నా సూస్తే సంగమే పోతాది" అని గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయింది.

పన్నెండో రోజు ఆఫీసు దిగివచ్చింది. ఆర్డర్లు ఇస్తామని రాసిచ్చారు. టపాకాయలు కాల్చాం, ఒకరి మీద ఒకరం పడి ఏడ్చాం, నన్ను కూడా భుజాల మీదికి ఎత్తారు. ఆ ఎత్తులో నుంచి చూస్తే తను వృక్షశాస్త్రం బ్లాకు వైపు ఒక్కతే నడిచి వెళ్తూ కనిపించింది. సాయంత్రం నేనూ ఆ షెడ్డుకు వెళ్లాను. తను లేదు. నలభై కుండీల్లో చెట్లు తలలు వాల్చి ఎండిపోయి ఉన్నాయి. ఆకు పట్టుకుంటే చేతిలో పొడి అయింది. తూకం యంత్రం శుభ్రంగా తుడిచి గుడ్డ కప్పి పెట్టి ఉంది.

అది తన ఐదో ఏడు. ఇంకో కాలం చేయాలంటే గడువు పొడిగించాలి, దానికి గైడు సంతకం కావాలి. సమ్మెలో కూర్చున్నావని ఆయనకు కోపం. సమ్మె చెడగొట్టావని మావాళ్లకు కోపం. అటూ ఇటూ కాకుండా పోయింది. ఒక రోజు నేను క్లాసులో ఉన్నప్పుడు వాళ్ల నాయన వచ్చి సామాను వేసుకుని తీసుకుపోయాడట. నా గది తలుపు మీద చీటీ కూడా లేదు. ఉండాలని ఏ ముఖం పెట్టుకుని అనుకున్నానో.

ఆర్డర్లు వచ్చాయి. నాకూ వచ్చింది. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు సెలవులున్నాయి, రిజిస్టర్‌లో వేరే పేజీ ఉంది. వాళ్లు నన్ను కూర్చోబెట్టి, అక్కా ఆ సమ్మె కథ చెప్పు అంటారు. షామియానా గురించి చెబుతాను, నవ్వుతారు. ఖాళీ పేజీల గురించి చెబుతాను, చప్పట్లు కొడతారు. ఒక్క సంతకం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే దాటేసి ముందుకు పోతుంది. అబద్ధం చెప్పను, కానీ చెప్పను.

పోయిన ఏడాది తట్టుకోలేక నగరి బస్సెక్కాను. వీధిలోకి అడుగుపెట్టగానే మగ్గాల మోత. తను ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతోంది, సెలవు రోజుల్లో నాయనకు సాయం చేస్తుంది. నన్ను చూసి "యాడ్నించి ఇట్ల?" అని నవ్వి, లోపల మంచం వాల్చింది. కాఫీ ఇచ్చింది. గోడ అవతలే మగ్గాలు. మామూలుగా మాట్లాడితే వినపడదు. దారంతా మెల్లగా చెప్పుకుందామని అనుకున్న మాటలు గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు మినిట్స్ పుస్తకం నా ఒళ్లోనే ఉంది, నేను తెరవలేదు, తప్పు నాది అని అరిచాను. అరుస్తూ ఏడ్చాను.

తను నా గ్లాసు తీసి కింద పెట్టింది.

"తెలుసులే అక్కా. ఆ తీర్మానం కింద నా సంతకం కూడా ఉండాది కదా. నేనైనా చెప్పుండచ్చు. చెప్తే ఆ పొద్దే అంతా లేసిపోతారని నాకూ తెలుసు. నువ్వు యాడ నోరు తెరస్తావో అని నేనే భయపడతా ఉంటిని."

ఆ మాటతో నా గుండె తేలికపడాలి. ఒక నిమిషం పడింది కూడా.

"నువ్వు మాట్లాడలేదని నాకేం లేదు" అంది తను మళ్లీ, గోడ వైపు చూస్తూ. "ఆ ఐదు దినాలు నా పక్కన వచ్చి కూసోనుంటే బాగుండునక్కా. ఏమీ మాట్లాడకపొయినా."

దానికి తీర్మానం అక్కర్లేదు, అన్న అనుమతి అక్కర్లేదు. సమ్మెకు వచ్చే నష్టమూ లేదు. రెండు చాపల దూరం. ఐదు రోజులు నేను ముందు వరసలో కూర్చుని, మనమంతా ఒక్కటే అని అందరిచేత అనిపిస్తూ ఉన్నాను.